మూడు రాత్రుల సైకిల్ ప్రయాణానికి తేలికైన బరకం: ఏ గుడ్డ, ఏ కొలత, ఇసుకలో ఎలా నిలబెట్టాలి?

కాలువగట్టు
నవంబరు 9, రాత్రి 9.10

సభ్యులందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవుల్లో నేనూ నా ఇద్దరు మిత్రులూ ధవళేశ్వరం ఆనకట్ట మీదుగా బొబ్బర్లంక చేరి, అక్కడి నుండి కాలువ గట్లు పట్టుకొని పి.గన్నవరం, రాజోలు మీదుగా అంతర్వేది వరకు సైకిళ్ళపై వెళ్ళాలని నిశ్చయించుకున్నాము. దారిలో మూడు రాత్రులు ఆరుబయటే పడక. మొదటి రాత్రి మా బంధువుల కొబ్బరితోటలో, రెండవ రాత్రి వశిష్ఠ ఒడ్డున ఒక ఇసుక తిప్ప మీద, మూడవ రాత్రి సముద్రానికి దగ్గరగా ఉన్న సరుగుడు తోట అంచున ఉంటాము. తోటల యజమానుల అనుమతి ముందే తీసుకున్నాము.

కిందటి సంవత్సరం గుమ్మటం ఆకారంలో ఉండే గుడారాన్ని మోసుకుపోయాము. అది మూడున్నర కిలోల బరువుండటమే కాక, తెల్లవారేసరికి మా ఊపిరి చెమ్మతోనే లోపలి గోడలన్నీ తడిసి, దుప్పట్లు పిండుకోవలసి వచ్చింది. అందుచేత ఈసారి నాలుగు పక్కలా గాలి ఆడే బరకం ఒక్కటే తీసుకువెళ్ళాలని ఉంది. తాళ్ళూ మేకులూ కలుపుకొని మొత్తం బరువు ఒకటిన్నర కిలోకు మించకూడదు. బజారులో దొరికే 12 అడుగుల చదరపు నీలి బరకం 150 జీఎస్ఎంలో (చదరపు మీటరుకు 150 గ్రాములు) చూశాను. ఆన్‌లైన్‌లో సిలికాన్ పూత ఉన్న పలుచని గుడ్డలు చూశాను. మొదటిది బరువని, రెండవది చేతిరుమాలులా చిరిగిపోతుందేమోనని నా సందేహం. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ధాన్యంరాశి
నవంబరు 10, ఉదయం 5.45

నమస్కారమండీ. మాది కొత్తపేట వైపు. సార్వా కోతల కాలంలో వాయుగుండం అన్న మాట వినపడగానే ముందుగా మేము వెతుక్కొనేది బరకాలనే కనుక వీటి సంగతి కొంత తెలుసు. నీలి బరకం అంటే గట్టి పాలిథిన్ పట్టీలను నేసి, రెండు వైపులా పలుచని పాలిథిన్ పొర అంటించిన సరుకు. నీరు కారదు, చవక, ఏ ఊరి బజారులోనైనా దొరుకుతుంది. కాని దాని మీద అచ్చు వేసిన జీఎస్ఎం అంకెను నమ్మి కొనవద్దు. దుకాణంలోనే త్రాసు మీద పెట్టించి, గ్రాములలో వచ్చిన బరువును చదరపు మీటర్లతో భాగించండి. 150 అని రాసి ఉన్నది 120 కూడా తూగకపోవడం నాకు ఒకసారి అనుభవమే. కొలత కూడా టేపుతో చూసుకోండి, ఎందుకంటే అంచు మడిచి కుట్టకముందు ఉన్న కొలతనే కొందరు చెబుతారు.

ఇక పలుచని గుడ్డల విషయానికి వస్తే, ధాన్యపు రాశి మీద రెండు రోజులు కప్పితే అవి ఏమవుతాయో చూడాలని నాకూ కుతూహలంగా ఉంది.

పడమటిగాలి
నవంబరు 10, రాత్రి 8.30

ధాన్యంరాశి గారు చెప్పిన త్రాసు పద్ధతి చాలా మంచిది. ఆ లెక్కనే ముందుకు తీసుకువెళ్తాను. 12 అడుగుల చదరం అంటే సుమారు 13.4 చదరపు మీటర్లు. నిజంగా 150 జీఎస్ఎం ఉంటే గుడ్డ ఒక్కటే రెండు కిలోలు అవుతుంది, అంటే మీ హద్దు అక్కడే దాటిపోయింది. సిలికాన్ పూత ఉన్న పాలిస్టరు గుడ్డ సాధారణంగా 45 జీఎస్ఎం ప్రాంతంలో ఉంటుంది. 3 మీటర్లకు 4 మీటర్ల ముక్క తీసుకుంటే 12 చదరపు మీటర్లకు 540 గ్రాములు. మూలలు చిరగకుండా వేసే బలపు ముక్కలు, తాడు కట్టే నవారు ఉంగరాలు కలిపినా 650 గ్రాములు దాటదు.

ముగ్గురికీ ఈ కొలత సరిపోతుంది, అయితే నడిమి తాడును, అంటే బరకం ఇంటి కప్పులా రెండు వైపులా వాలేలా మధ్యన వేసే తాడును, పొడుగు వైపు కట్టకండి. చాలామంది అక్కడే పొరపడతారు. 4 మీటర్ల పొడవున తాడు వేస్తే రెండు పక్కలకూ ఒకటిన్నర మీటర్లే మిగిలి, ఇరుకైన గొట్టంలా తయారవుతుంది. 3 మీటర్ల వైపున తాడు వేసి, రెండు పక్కలకూ 2 మీటర్ల చొప్పున దించి, కింద 3 మీటర్ల వెడల్పు ఉంచితే నడిమి ఎత్తు సుమారు 1.3 మీటర్లు వస్తుంది. ముగ్గురూ పక్కపక్కనే పడుకున్నా ఒక్కొక్కరికి మీటరు చోటు దొరుకుతుంది. కాళ్ళ వైపునా తల వైపునా అరమీటరుకు పైగా చూరు మిగులుతుంది కాబట్టి జల్లు కొట్టినా దుప్పటి అంచు వరకు రాదు.

మరింత తేలిక కావాలంటే డైనీమా అనే చాలా గట్టి పాలిథిన్ పోగులను పలుచని పొరల మధ్య అంటించిన గుడ్డలు ఉన్నాయి. వాటిలో తేలికపాటి రకాలు చదరపు మీటరుకు 17 గ్రాములే తూగుతాయి. తడిసినా సాగవు, నీరు పీల్చవు. కాని ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి, గరుకు వస్తువు రాసుకుంటే త్వరగా పాడవుతాయి. మూడు వందల పైచిలుకు గ్రాములు కలిసిరావడం కోసం సైకిల్ ప్రయాణానికి అంత ఖర్చు అనవసరమని నా అభిప్రాయం.

కుట్టుమిషను
నవంబరు 11, మధ్యాహ్నం 2.15

పాలకొల్లులో షామియానాలు, లారీ బరకాలు కుట్టడం నా వృత్తి. మా దగ్గరకు మరమ్మతుకు వచ్చే బరకాలను చూసి ఒక మాట చెబుతాను. గుడ్డ నడిమధ్యన చిరిగి వచ్చేవి చాలా తక్కువ. మూల ఊడి వచ్చేవే ఎక్కువ. అల్యూమినియం రింగు వేసిన చోట గుడ్డకు కన్నం పడుతుంది, గాలికి బరకం కొట్టుకున్న ప్రతిసారీ ఆ కన్నం అంచు మీదనే బరువంతా పడుతుంది, చివరకు రింగు తాడుతో పాటు బయటకు వచ్చేస్తుంది. కాబట్టి మందం ఎంత అని అడిగే ముందు మూలను తిరగేసి చూడండి. అక్కడ రెండు మూడు పొరల బలపు ముక్క ఉందా, ఆ ముక్క గుండ్రంగా గాని వంపుగా గాని కోసి ఉందా, రింగుకు బదులు నవారు ఉంగరాన్ని అడ్డంగా నాలుగు వరుసల గట్టి కుట్టుతో బిగించారా అన్నవి చూడవలసినవి.

అంచులు కొద్దిగా లోపలికి వంపు తిరిగి కోసినవి దొరికితే ఇంకా మంచిది. రెండు కొసలు పట్టుకున్న గొలుసు కిందకు వేలాడినప్పుడు ఏ వంపు వస్తుందో ఆ వంపున అంచును కోస్తారు. అప్పుడు రెండు మూలలను లాగితే అంచు పొడవునా బిగువు సమంగా ఉండి, గాలికి పటపటలాడదు. పటపటలాడని గుడ్డ ఎక్కువ కాలం బతుకుతుంది. చోటు కొంచెం తగ్గుతుంది, అంతే.

నీలి బరకమే కొంటామనుకుంటే ఒక చిట్కా. రింగులకు తాడు కట్టవద్దు. మూలకు జానెడు లోపల ఒక గుండ్రని వస్తువును గుడ్డలో చుట్టి, దాని మెడకు తాడు బిగించండి. పుస్తకాలలో గులకరాయి అని రాస్తారు గాని మన ఒండ్రు నేలలో గులకరాయి కోసం వెతుక్కుంటూ పొద్దు పుచ్చవద్దు, పిల్లల గోళీ చాలు.

కాలువగట్టు
నవంబరు 11, రాత్రి 10.05

ఇంత వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. ఒక దుకాణంలో సిలికాన్ పూత నైలాను, మరొక చోట సిలికాన్ పూత పాలిస్టరు, ఇంకొక చోట పీయూ (పాలియురేథేన్) పూత పాలిస్టరు కనిపిస్తున్నాయి. మూడింటికీ తేడా ఏమిటి? నీటి స్తంభం 1,500 మిల్లీమీటర్లు అని ఒకచోట, 3,000 అని మరొకచోట రాశారు. ఎక్కువ ఉన్నదే మంచిదా?

పడమటిగాలి
నవంబరు 12, ఉదయం 7.20

నైలాను గట్టిదే, చిరుగుదలకు బాగా తట్టుకుంటుంది. కాని నీరు పీల్చుకొని సాగుతుంది. సాయంత్రం వీణ తీగలా బిగించిన గుడ్డ అర్ధరాత్రి మంచుకు వదులై ముఖం మీదకు వేలాడుతుంది, లేచి మళ్ళీ తాళ్ళు బిగించుకోవాలి. హిమాలయాలలో ఒక రాత్రి ఆ పని మూడుసార్లు చేశాను. పాలిస్టరు నీరు దాదాపు పీల్చదు, ఎండకు నైలాను కంటే బాగా ఓర్చుకుంటుంది. జనవరిలో డెల్టాలో వాన కంటే మంచు ఎక్కువ గనుక మీకు పాలిస్టరే తగినది.

పూత విషయంలో మన వాతావరణాన్ని తప్పక గుర్తుంచుకోవాలి. పీయూ పూత వేడీ తేమా కలిసిన చోట కాలక్రమంలో నీటితో చర్య జరిపి విడిపోతుంది. అటక మీద మడిచి పెట్టిన పాత గుడారాన్ని రెండేళ్ళ తరువాత విప్పితే జిగురుగా అంటుకొని, పులిసిన వాసన రావడానికి కారణం అదే. కోనసీమ ఇళ్ళలో వేసవి ఉక్కకు ఇది మరింత త్వరగా జరుగుతుంది. సిలికాన్‌కు ఆ బాధ లేదు. అయితే సిలికాన్ మీద మామూలు టేపు అతకదు, కుట్టు మధ్యన సన్నగా నీరు కారవచ్చు. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే స్వచ్ఛమైన సిలికాన్ సీలంట్‌ను మినరల్ టర్పెంటైన్‌లో పలుచన చేసి, కుంచెతో కుట్టు వెంబడి ఒక పూత పూసి, ఒక రోజంతా ఆరనిస్తే సరిపోతుంది.

నీటి స్తంభం అంటే గుడ్డ మీద ఎంత ఎత్తు నీరు నిలిపితే అది కారడం మొదలవుతుందో ఆ కొలత. అది 1,500 ఉంటే పైకప్పుకు చాలు. అంతకు మించిన అంకె కింద పరచుకొనే పట్టాకు అవసరం, ఎందుకంటే మోకాలి ఒత్తిడి వాన ఒత్తిడి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

తెరచాప
నవంబరు 12, రాత్రి 9.50

ఓడలరేవు వైపు మాది. గుడ్డ గురించి పెద్దలు చెప్పారు, కాని మీ ప్రయాణంలో మూడింట రెండు రాత్రులు ఇసుకలోనే. అక్కడ గుడ్డ చిరగడం తరువాతి మాట, ముందు మేకు నిలవాలి. ఇనుప మేకు ఎంత పొడుగైనా ఎండు ఇసుకలో గుచ్చితే వెన్నలో పుల్లతో సమానం.

గాలి బలం ఎంతో లెక్క వేసుకోండి. గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు అవుతుంది. మీ బరకపు ఒక పక్క 3 మీటర్లకు 2 మీటర్లు, అంటే 6 చదరపు మీటర్లు. గంటకు 36 కిలోమీటర్ల గాలి దానిని ఎదురుగా కొడితే సుమారు 37 కిలోల బరువు పడినట్టు. గాలి 72 కిలోమీటర్లకు పెరిగితే సుమారు 150 కిలోలు. ఆ స్థితి వస్తుందనిపిస్తే బరకాన్ని విప్పి చుట్టుకొని ఏదైనా గుడి అరుగు మీదకు చేరడమే పని.

మామూలు గాలికి ఈ విధంగా చేయండి. అయిదు కిలోల బియ్యం వచ్చే ఖాళీ నేత సంచులు ఆరు తీసుకువెళ్ళండి, బరువేమీ ఉండదు. ఒక్కొక్క దానిని తడి ఇసుకతో నింపి మూతి కట్టి, మోచేతి లోతు గొయ్యిలో తాడు లాగే దిశకు అడ్డంగా పడుకోబెట్టి పూడ్చాలి. తాడు బయటకు వచ్చే చోట గొయ్యి గోడకు వాలుగా చిన్న గాడి తీయాలి. లేకపోతే తాడు సంచిని పైకి లేపుతుంది. పూడ్చిన తరువాత పైన రెండు దోసిళ్ళ నీరు పోసి కాలితో తొక్కితే ఇసుక బిగుసుకుంటుంది. తాళ్ళు రెండున్నర మిల్లీమీటర్ల పాలిస్టరువి తీసుకోండి. నైలాను తాడు సాగుతుంది. కొబ్బరి పీచు తాడు ముడిని చక్కగా పట్టుకుంటుంది, ఉప్పునీటికి చెడదు, కాని బరువు, పైగా తడిస్తే రోజంతా ఆరదు.

ఇంకొక సంగతి. పగలు సముద్రం మీది నుండి గాలి, రాత్రి పొద్దుపోయాక నేల మీది నుండి గాలి. సాయంత్రం వచ్చే గాలిని చూసి ఒక పక్కను కిందకు దించి కట్టుకుంటే తెల్లవారుజామున గాలి వెనుక నుండి వస్తుంది. రెండు పక్కలూ దించుకోగలిగేలా తాళ్ళు సిద్ధంగా ఉంచుకోండి. పోటు గీత ఎక్కడ ఉందో ఎండిన నాచును బట్టి చూసుకొని, దానికి బాగా ఎగువన పడుకోండి. అమావాస్య పున్నములకు దగ్గరగా ఉంటే ఇంకా ఎగువకు వెళ్ళండి. వశిష్ఠ తిప్ప మీద కూడా ఈ జాగ్రత్త అవసరమే, రాజోలు దిగువన నదిలోకి పోటు వస్తుంది.

లంకపిన్ని
నవంబరు 13, ఉదయం 11.00

నాయనలారా, నేను లంక గ్రామాలలో నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మీ చర్చలో గాలీ వానా వచ్చాయి గాని నేల మీద తిరిగేవి రాలేదు. నాలుగు పక్కలా తెరిచి ఉన్న బరకం కింద నేల మీద పడుకుంటే మొదటి భయం కట్లపాము. అది రాత్రివేళ తిరుగుతుంది. కాటు వేసినప్పుడు నొప్పి గాని వాపు గాని పెద్దగా ఉండకపోవచ్చు, నిద్రలో ఉన్నవారికి తెలియనే తెలియదు. తెల్లవారుజామున కడుపు నొప్పితోనో, రెప్పలు వాలిపోతూనో వచ్చినవారిని చూశాను. కనుక దోమతెర తప్పనిసరి, దాని అంచులను పట్టా కిందకు నలువైపులా దోపుకోవాలి. తెరను నడిమి తాడుకే వేలాడదీసుకోవచ్చు. ఏ మాత్రం అనుమానం కలిగినా నాటువైద్యం జోలికి పోకుండా, కాటు పడిన అవయవాన్ని కదపకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

రెండవది, కొబ్బరితోటలో బరకాన్ని చెట్ల నడుమ కడతారు, అది సహజం. కాయ గాని ఎండిన మట్ట గాని రాలితే మీ 45 గ్రాముల గుడ్డ ఆపుతుందా? కాయలు దింపిన తోట వరుసను యజమానినడిగి, మొవ్వు నేరుగా పైన లేని చోటు చూసుకోండి.

పడమటిగాలి
నవంబరు 13, మధ్యాహ్నం 1.40

పిన్నిగారూ, ఈ మాట ముందే నేను చెప్పవలసింది. దోమతెర 300 నుండి 400 గ్రాములు తూగుతుంది, దానిని లెక్కలో చేర్చుకొనే కాలువగట్టు గారు గుడ్డ ఎంచుకోవాలి.

ధాన్యంరాశి
నవంబరు 14, ఉదయం 6.10

1996 నవంబరు 6 నాటి తుఫాను తరువాత మా పేటలో చాలా ఇళ్ళకు పైకప్పు లేక, నెలల తరబడి ప్లాస్టిక్ పట్టాల కిందనే ఉన్నాము. కుట్టుమిషను గారు చెప్పినట్టే రింగులు ముందు ఊడిపోయాయి, తరువాత మడతలు పడిన చోట ఎండకు పొర పగిలి జల్లెడలా నీరు కారింది. కాబట్టి నీలి బరకం శాశ్వతమని నేను వాదించడం లేదు. కాని కింద పరచుకోవడానికి మాత్రం దానికి సాటి లేదు. పాత బరకంలో మంచి ముక్క రెండు మీటర్లకు రెండు మీటర్లు కత్తిరించి తీసుకువెళ్ళండి. ముళ్ళకు, తడి ఇసుకకు అది ఓర్చుకుంటుంది, పైన ఉన్న పలుచనిది బతుకుతుంది.

కాలువగట్టు
డిసెంబరు 21, రాత్రి 8.45

3 మీటర్లకు 4 మీటర్ల సిలికాన్ పాలిస్టరు బరకం కొన్నాను. త్రాసు మీద 640 గ్రాములు వచ్చింది. మూలలు బాగున్నాయి గాని పక్క అంచుల నడుమ ఉన్న ఉంగరాలకు బలపు ముక్కలు లేవు. నిన్న రాత్రి మా మేడ మీద కట్టి చూశాము. మంచు బాగా పడింది, ఉదయానికి పైభాగం నీళ్ళు ఓడుతూ ఉంది, కింద దుప్పట్లు మాత్రం పొడిగా ఉన్నాయి. నడిమి తాడు వెంబడి నీరు జారి లోపలికి చుక్కలు పడ్డాయి. దానికి ఉపాయమేమిటి?

కుట్టుమిషను
డిసెంబరు 22, ఉదయం 9.30

గుడ్డ అంచుకు బయట తాడు మీద చిన్న నూలు పీలికను ముడి వేసి, రెండు అంగుళాలు కిందకు వేలాడనివ్వండి. నీరు ఆ పీలిక పట్టుకొని బయటనే కారిపోతుంది. నడుమ ఉంగరాలకు బలపు ముక్కలు కుట్టించుకొని వెళ్ళండి. సూది సన్ననిది వాడాలి, లావు సూది వాడితే కుట్టు కన్నాలే చిరుగుకు దారి చూపిస్తాయి.

కాలువగట్టు
జనవరి 19, సాయంత్రం 6.20

నిన్ననే తిరిగి వచ్చాము. కొబ్బరితోటలో ఏ ఇబ్బందీ లేదు. తిప్ప మీద చెట్లు లేవని ముందే ఊహించి ఒక మీటరు ముప్ఫై సెంటీమీటర్ల వెదురు కర్రలు రెండు సైకిలు చట్రానికి కట్టుకుపోయాము, వాటిని నిలబెట్టి నడిమి తాడు వేశాము. సంచులను మోచేతి లోతున పూడ్చమని తెరచాప గారు చెప్పినా, చీకటి పడుతోందని నేను నాలుగింటిని జానెడు లోతునే కప్పేశాను. రాత్రి సుమారు మూడు గంటలకు గాలి తిరిగింది. ఆయన చెప్పిన వైపు నుండే వచ్చింది. జానెడు లోతు సంచులలో రెండు ఒకదాని వెంట ఒకటి పైకి లేచాయి, బరకం జెండాలా ఎగిరింది, దోమతెర సహా ముగ్గురమూ బయటపడ్డాము. టార్చి వెలుతురులో మళ్ళీ తవ్వి, సంచులు లోతుగా పూడ్చి, గాలి వైపు అంచును నేలకు దించి కట్టేసరికి ముప్పావుగంట పట్టింది. ఆ తరువాత ఉదయం వరకు కదలలేదు.

మూడవ రాత్రి అంతర్వేది దగ్గర పగటి వెలుతురులోనే అన్ని పనులూ ముగించాము. గాలి తిప్ప మీద కంటే ఎక్కువే ఉంది, గుడ్డ పటపటలాడింది గాని ఏ తాడూ వదులు కాలేదు. బరకం, తాళ్ళు, సంచులు, మేకులు కలిపి 1,060 గ్రాములు. దోమతెర, కింది పట్టా, వెదురు కర్రలు వేరు. ఇంటికి వచ్చాక ఉప్పు పోయేలా మంచినీళ్ళతో కడిగి నీడన ఆరవేశాను.

తిప్ప మీద ఎగిరినప్పుడు నడుమ ఉంగరం ఒకటి అంచు కుట్టుతో సహా అంగుళం మేర లేచింది. బలపు ముక్క వేయించని ఉంగరం అదొక్కటే, దర్జీ దగ్గర గుడ్డ ముక్క చాలలేదని వదిలేశాను. కుట్టుమిషను గారూ, పాలకొల్లు వస్తే చూసి పెట్టగలరా?

కుట్టుమిషను
జనవరి 19, రాత్రి 8.00

తప్పక తీసుకురండి. బరకం పూర్తిగా ఆరిన తరువాతే తీసుకురండి, తడి గుడ్డ మీద కుట్టు సరిగా కూర్చోదు. లేచిన చోటు లాగి చూడకుండా అలాగే ఉంచండి.